సెరోఫ్లో 250 బదులు ఫోరాకార్ట్ 200 ఇస్తే ఒకటేనా? స్టెరాయిడ్ ఇన్‌హేలర్లను పోల్చి చూసుకోవడం ఎలా

"250 అయిపోయిందన్నా, 200 ఉంది. రెండూ ఆయాసం పంపులే, ఏదైనా ఒకటే" అన్నాడు మందుల షాపు కుర్రాడు. రాత్రి తొమ్మిదిన్నర, షట్టర్ సగం దించేశాడు, నాకూ ఇంటికి పోవాలన్న తొందర. తెచ్చేసుకున్నాను. నేను అడిగింది సెరోఫ్లో 250, అతనిచ్చింది ఫోరాకార్ట్ 200. పాతది ఎలా వాడేవాణ్ణో దీన్నీ అలాగే వాడాను, పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్. మూడో వారం వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగింటికి పిల్లికూతలతో మెలకువ రావడం మొదలైంది. చలి వల్లేమో, పక్క డాబా మీద మిరపకాయలు ఆరబోశారు దానివల్లేమో అని ఏవేవో అనుకున్నాను. 250కీ 200కీ తేడా యాభైతో పోదని, అసలు ఆ రెండు అంకెలూ రెండు వేరు వేరు మందులవని, వాటిని పక్కపక్కన పెట్టి పెద్దది చిన్నది అనుకోకూడదని నాకు అప్పటికి తెలీదు. ఇరవై ఏళ్లుగా ఉబ్బసంతో కాపురం చేస్తున్నాను, అయినా తెలీదు.

తర్వాత డాక్టర్ గారు ఒక చీటీ మీద లెక్క వేసి చూపించారు. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను, దానితో పాటు నేనూ మా అమ్మా దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని. నేను డాక్టర్‌ని కాను. మీ మందు మార్చమనో మానేయమనో చెప్పడానికి కూర్చోలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఏదో ఎర్ర రంగు పంపు వాడుతున్నానండీ" అనకుండా, ఏ మందు, రోజుకెంత, ఎలా పీలుస్తున్నాను అన్నది మీ నోటితో మీరు చెప్పగలిగితే చాలు.

1. ముందు ఇంట్లో ఉన్నవన్నీ మంచం మీద పోయండి

డ్రాయర్లో ఉన్నవి, హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నవి, బండి డిక్కీలో వేసి మర్చిపోయినవి, అన్నీ. ఇప్పుడు బ్రాండ్ పేరు వదిలేసి, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, నేను అదే చేస్తాను.

ఒక చిన్న కిటుకు ఉంది. పేరు చివర "సోన్" అనో "నైడ్" అనో వస్తే అది స్టెరాయిడ్. బెక్లోమెథాసోన్, ఫ్లూటికాసోన్, మొమెటాసోన్, బుడెసొనైడ్, సిక్లెసొనైడ్. చివర "ఆల్" అని పలికితే అది బిగుసుకున్న గాలిగొట్టాలను వదులు చేసేది: సాల్బుటమాల్, ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్. ఇన్‌హేలర్ల వరకు ఈ గుర్తు చాలు.

ఇప్పుడు మూడు కుప్పలు చేయండి. "ఆల్" మాత్రమే ఉన్నవి ఒక పక్కకి: ఆస్థాలిన్, లెవోలిన్ ఇందులోకి వస్తాయి. ఇప్రాట్రోపియం కలిసిన డ్యూయోలిన్ కూడా ఇక్కడే, అందులోనూ స్టెరాయిడ్ లేదు. కేవలం స్టెరాయిడ్ ఉన్నవి రెండో పక్కకి: బుడెకార్ట్, బెక్లేట్, ఫ్లోహేల్, సిక్లోహేల్ లాంటివి. రెండూ కలిసినవి మూడో పక్కకి: ఫోరాకార్ట్ అంటే ఫార్మోటెరాల్ ప్లస్ బుడెసొనైడ్, సెరోఫ్లో అంటే సాల్మెటెరాల్ ప్లస్ ఫ్లూటికాసోన్.

మీ మంచం మీద మొదటి కుప్ప ఒక్కటే ఉంటే, అంటే ఆయాసం వచ్చినప్పుడల్లా ఆస్థాలిన్ కొట్టుకుని నెట్టుకొస్తుంటే, మిగతా వ్యాసం తర్వాత చదవచ్చు, ముందు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆస్థాలిన్ గొట్టం చుట్టూ ఉన్న కండరాన్ని కొన్ని గంటలు వదులు చేస్తుంది, అంతే. లోపలి పొర ఎర్రగా వాచి, జిగురు పట్టి ఉంటుందే, దాని జోలికి పోదు. ఆ వాపును తగ్గించేది స్టెరాయిడే. ఆస్తమా మీద ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు అనుసరించే గైనా (GINA) మార్గదర్శకాలు 2019 నుంచి పెద్దవాళ్లకు, 12 దాటిన పిల్లలకు ఇలా ఆస్థాలిన్ ఒక్కదాని మీదే బతకొద్దని చెబుతున్నాయి. ఏడాదికి 200 పఫ్‌ల డబ్బాలు మూడు ఖాళీ చేస్తున్నారంటేనే అటాక్ వచ్చే ముప్పు పెరిగినట్టు లెక్క. మా వీధిలో నెలకో డబ్బా వాడుతూ "నాకు ఇన్‌హేలర్ బాగా పడింది" అని గర్వంగా చెప్పుకునే మనిషి ఒకాయన ఉన్నాడు.

2. కాగితం తీసుకుని రోజు మొత్తానికి ఎంతో లెక్క వేయండి

డబ్బా మీద ఉన్న 100, 200, 250 అనే అంకె మామూలుగా ఒక్క పఫ్‌లోనో, ఒక్క క్యాప్సూల్‌లోనో ఉన్న స్టెరాయిడ్, మైక్రోగ్రాముల్లో. దాన్ని మీరు రోజుకు తీసుకునే పఫ్‌ల సంఖ్యతో గుణించండి. ఫోరాకార్ట్ 200 పూటకు రెండు చొప్పున రెండు పూటలా అంటే 200 ఇంటూ 4, మొత్తం 800. వచ్చిన అంకె పక్కన మందు పేరు రాయడం మాత్రం మర్చిపోవద్దు, పేరు లేని అంకెకు విలువ లేదు.

ఎందుకంటే ఒక్కో స్టెరాయిడ్ బలం ఒక్కో రకం. 12 ఏళ్లు దాటిన వాళ్లకు గైనా పట్టికలో రోజువారీ డోసులు ఇలా ఉంటాయి:

బుడెసొనైడ్: 200 నుంచి 400 వరకు తక్కువ డోసు, 400 దాటి 800 వరకు మధ్యస్థం, 800 దాటితే ఎక్కువ.
ఫ్లూటికాసోన్ ప్రొపియొనేట్: 100 నుంచి 250 తక్కువ, 500 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ.
బెక్లోమెథాసోన్, మామూలు రకం: 200 నుంచి 500 తక్కువ, 1000 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ.
సిక్లెసొనైడ్: 80 నుంచి 160 తక్కువ, 320 వరకు మధ్యస్థం, ఆపైన ఎక్కువ.

బెక్లోమెథాసోన్‌లో మరీ సన్నని కణాలుగా వచ్చే రకం ఒకటుంది. అది లోపలికి బాగా దిగుతుంది కాబట్టి డోసు సగమో అంతకన్నా తక్కువో సరిపోతుంది. మీది ఏ రకమో తెలియకపోతే డాక్టర్‌ని అడగండి. ఫ్లూటికాసోన్ ఫ్యూరొయేట్ అని రోజుకు ఒక్కసారే పీల్చేది ఇంకొకటి, దాని లెక్క వేరు, అక్కడ 200 అంటేనే ఎక్కువ డోసు. పేరులో ఫ్లూటికాసోన్ ఉంది కదా అని ప్రొపియొనేట్ లెక్కలోకి లాగేయకండి.

ఇప్పుడు నా కథకు వద్దాం. సెరోఫ్లో 250 రోజుకు రెండు, అంటే ఫ్లూటికాసోన్ 500, మధ్యస్థం పై అంచు. షాపులో ఇచ్చిన ఫోరాకార్ట్ 200 రోజుకు రెండు, అంటే బుడెసొనైడ్ 400, తక్కువ డోసు పై అంచు. పూర్తిగా ఒక మెట్టు కిందికి దిగిపోయాను, అదీ డాక్టర్‌కి తెలియకుండా, డిసెంబరులో. మా బాబాయిది దీనికి తిరగేసిన కేసు. ఆయనకు డాక్టరే సెరోఫ్లో 250 తీసి ఫోరాకార్ట్ 400 రాశారు, రెండు పూటలా ఒక్కొక్కటి. "250 నుంచి ఏకంగా 400కి పెంచేశారు, నా పని అయిపోయింది" అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. లెక్క వేస్తే బుడెసొనైడ్ 800, మధ్యస్థమే. ఉన్న మెట్టు మీదే ఉన్నాడు, పెరిగింది టెన్షన్ ఒక్కటే.

ఈ పట్టికను బంగారం రేటులా పట్టుకుని ఇంత బుడెసొనైడ్‌కు ఖచ్చితంగా ఇంత ఫ్లూటికాసోన్ అని మార్చుకోవడానికి వీల్లేదు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో గుర్తుపట్టడానికే అది. ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకు అంకెలు ఇంకా తక్కువ, బుడెసొనైడ్ అయితే 100 నుంచి 200 దగ్గరే తక్కువ డోసు, 400 దాటితే ఎక్కువ కిందికి వస్తుంది. పిల్లల విషయంలో పెద్దల చీటీ చూసి పొరపాటున కూడా అంచనా వేయకండి.

ఇంకొకటి. డోసు రెట్టింపు చేస్తే ఉపశమనం రెట్టింపు కాదు. చాలామందికి రావలసిన మేలులో ఎక్కువ భాగం తక్కువ డోసుతోనే వచ్చేస్తుంది, ఆ పైన పెంచుతూ పోతే మేలు కొంచెం కొంచెం, ఇబ్బందులు మాత్రం బాగానే పెరుగుతాయి. అందుకే తక్కువ డోసు చాలకపోతే చాలాసార్లు స్టెరాయిడ్ పెంచకుండా దానికి ఒక "ఆల్" జతచేసి కాంబినేషన్ రాస్తారు.

3. మందుల మధ్య తేడా ఎప్పుడు నిజంగా పట్టించుకోవాలి

చాలామంది నన్ను అడిగేది "ఇందులో బెస్ట్ ఏది?" అని. సమానమైన మెట్టు మీద, సరిగ్గా పీలిస్తే, మామూలు మనిషికి వీటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. 1972లో బ్రిటన్‌లో ఇన్‌హేలర్‌గా వచ్చిన బెక్లోమెథాసోన్ పాతది కాబట్టి పనికిరాదు అనేదీ లేదు. కానీ కొన్ని సందర్భాల్లో మందు పేరు నిజంగానే ముఖ్యం.

గర్భంతో ఉంటే: వాడుతున్న స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను భయపడి ఆపడమే పెద్ద పొరపాటు. తల్లికి ఊపిరి ఆడకపోతే కడుపులో బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది. గర్భిణుల విషయంలో ఎక్కువ అనుభవం, భరోసా ఉన్నది బుడెసొనైడ్‌కి. వేరేది వాడుతూ బాగానే ఉంటే మామూలుగా మార్చరు కూడా. అత్తగారు చెప్పారని ఆపొద్దు, గైనకాలజిస్టుకీ ఛాతీ డాక్టర్‌కీ ఇద్దరికీ చెప్పండి.

హెచ్‌ఐవీ మందులు వాడుతుంటే: రిటోనవిర్ ఉన్న మాత్రలు ఫ్లూటికాసోన్‌ను, బుడెసొనైడ్‌ను లివర్‌లో కరగనివ్వవు. పీల్చిన కొద్ది మందే ఒంట్లో పేరుకుపోయి ముఖం ఉబ్బడం, షుగర్ పెరగడం దాకా వెళ్తుంది. అలాంటప్పుడు బెక్లోమెథాసోన్ వైపు చూస్తారు. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ మాత్రలతోనూ ఇదే గొడవ. తామరకి ఇట్రాకొనజోల్ నెలల తరబడి మింగేవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు, వాళ్లలో ఎంతమంది చర్మం డాక్టర్‌కి "నాకు ఇన్‌హేలర్ ఉందండీ" అని చెబుతారు?

నోటిపూత, గొంతు బొంగురు మళ్లీ మళ్లీ వస్తుంటే: సిక్లెసొనైడ్ గురించి అడగొచ్చు. అది నోట్లో ఉన్నప్పుడు నిద్రలో ఉన్నట్టే ఉండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక అసలు మందుగా మారుతుంది. చాలామందికి రోజుకొక్కసారి చాలు. టీచర్లు, పాటలు పాడేవాళ్లు, రోజంతా గొంతుతో పని ఉండేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పొద్దున వేసుకుని రాత్రిది మర్చిపోయేవాళ్లయితే రోజుకొక్కసారి వాడే రకాలు ఏమున్నాయో అడగండి. రెండు పూటల మందును ఒక పూటే వాడి "పనిచేయట్లేదు" అనడం కన్నా అది నయం.

4. పరికరం: అసలు పోలిక ఇక్కడ మొదలవుతుంది

నన్నడిగితే మందు కన్నా పరికరం ఎంపికకే ఎక్కువ టైం పెట్టాలి. గొంతుకు తగిలి కడుపులోకి జారిపోయే మందు ఎంత ఖరీదైనదైతే ఏం లాభం?

మా అమ్మ సంగతి చెబుతాను. ఆమెకు రోటాక్యాప్‌లు రాశారు, అంటే లోపలి పొడిని గొట్టంతో పీల్చాల్సిన క్యాప్సూళ్లు. చీటీ మీద క్యాప్సూల్, 1-0-1 అని ఉంది, అంతే, ఎవరూ ఎలా వాడాలో చూపించలేదు. పదకొండు రోజులు పొద్దునొకటి రాత్రొకటి మంచినీళ్లతో మింగింది. ఆ ప్లాస్టిక్ గొట్టం ఎందుకిచ్చారో అర్థం కాక, పారేయబుద్ధి కాక అలమరలో కుంకుమ భరిణె పక్కన పెట్టింది. నేను ఊరెళ్లినప్పుడు "మందు వేడి చేస్తోందిరా, ఆయాసం మాత్రం తగ్గట్లేదు" అంటే చూస్తే ఇదీ సంగతి. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇప్పుడే వెళ్లి "ఏదీ, ఒకసారి నా ముందు వేసుకో" అనండి. చెప్పమంటే అందరూ బాగానే చెబుతారు, చేసి చూపించమంటేనే అసలు విషయం బయటపడుతుంది.

స్ప్రే రకానికి అద్దం పరీక్ష ఉంది. అద్దం ముందు నిలబడి, ఇన్‌హేలర్ బాగా ఊపి, ఊపిరి మెల్లగా పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, లోపలికి పీల్చడం మొదలెడుతూనే ఒక్కసారి నొక్కండి. పీల్చడం నెమ్మదిగా ఉండాలి, మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు. తర్వాత పది లెక్కపెట్టేదాకా బిగబట్టండి. ఇప్పుడు అద్దంలో చూస్తే నోటి మూలల నుంచో, ముక్కులోంచో తెల్లటి పొగ వచ్చిందా? వస్తే ఆ పఫ్ సరిగ్గా లోపలికి పోలేదు. నాకు మొదటిసారి కుడి మూల నుంచి మొత్తం బయటికే వచ్చింది, అప్పటికి పద్నాలుగేళ్లుగా వాడుతున్నాను. రెండో పఫ్ అవసరమైతే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి కొట్టండి, వెంటవెంటనే టకటకా నొక్కేయొద్దు.

నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని వాళ్లకు స్పేసర్ ఉంది. డబ్బాకి, నోటికి మధ్య పెట్టే ఆ ప్లాస్టిక్ బుడ్డీయే. పిల్లలకు, ముసలివాళ్లకు మాత్రమే అనుకుంటారు గానీ స్టెరాయిడ్ స్ప్రే వాడే అందరికీ మంచిదే, గొంతులో అంటుకునేది తగ్గుతుంది, ఊపిరితిత్తుల్లోకి దిగేది పెరుగుతుంది. ఒక్కసారికి ఒక్క పఫ్ మాత్రమే అందులోకి కొట్టాలి. కడగడానికి సబ్బునీళ్లు చాలు, గుడ్డతో తుడవకుండా దానంతటదే ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు కరెంటు పట్టినట్టయి మందు గోడలకే అతుక్కుంటుంది.

పొడి రకం, అంటే రోటాహేలర్ లాంటివి, పూర్తిగా తిరగేసిన పద్ధతి. ఇక్కడ నెమ్మదిగా పీలిస్తే పొడి లేవదు. గొట్టంలోకి ఊపిరి వదలకుండా ముఖం పక్కకు తిప్పి వదిలేసి, పెదాలు బిగించి, గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. క్యాప్సూల్‌ను పారదర్శకంగా ఉన్న వైపు ముందుగా చతురస్రపు రంధ్రంలోకి నెట్టాలి. పీల్చాక తెరిచి చూడండి, పొడి మిగిలితే ఇంకోసారి పీల్చండి. వానాకాలంలో సీసా మూత తీసి ఉంచితే పొడి తేమ పట్టి గడ్డకడుతుంది. వారానికి ఒకసారైనా గొట్టాన్ని కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ వాడండి. అటాక్ మధ్యలో గట్టిగా పీల్చే శక్తి ఉండదని, చిన్నపిల్లలు అంత జోరుగా పీల్చలేరని కూడా గుర్తుంచుకోండి.

స్ప్రే నెమ్మదిగా, పొడి జోరుగా. ఒకదాని నుంచి ఇంకోదానికి మారినప్పుడు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే ఇంట్లో రెండు రకాలు కలగాపులగంగా పెట్టుకోకుండా ఒకటే రకం రాయమని అడగడం మంచిది.

నెబ్యులైజర్ గొప్పదన్న నమ్మకం మన దగ్గర బాగా ఉంది, మిషన్ కదా, పొగ వస్తుంది కదా. స్పేసర్‌తో స్ప్రే సరిగ్గా వాడగలిగే మనిషికి ఇంట్లో రోజూ నెబ్యులైజర్ అక్కర్లేదు.

డబ్బాలో ఇంకా మందు ఉందో లేదో నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూడకండి, అది నమ్మదగిన పద్ధతి కాదు. మందు అయిపోయాక కూడా డబ్బాలోంచి వట్టి గ్యాస్ బుస్సుమని వస్తూనే ఉంటుంది. డబ్బా మీద ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపే కౌంటర్ ఉంటే సరే, లేకపోతే మొదలెట్టిన తేదీ స్కెచ్ పెన్‌తో డబ్బా మీద రాసి లెక్కపెట్టుకోండి.

ఇదే లెక్క ఖర్చుకూ పనికొస్తుంది. ధర చూసి ఇది చవక, అది ఖరీదు అనుకోవద్దు, డబ్బాలో ఎన్ని పఫ్‌లున్నాయో చూడండి. 120 పఫ్‌ల డబ్బా రోజుకు నాలుగు చొప్పున ముప్పై రోజులు, అదే 200 పఫ్‌ల డబ్బా రోజుకు రెండు చొప్పున వంద రోజులు. ధరను రోజులతో భాగించి, రోజుకు ఎంత పడుతుందో పక్కపక్కన రాయండి. డబ్బుకు ఇబ్బందిగా ఉంటే డాక్టర్‌తో మొహమాటం లేకుండా చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏది దొరుకుతుంది, జన ఔషధి కేంద్రంలో అదే మందు, అదే డోసు ఉందా అని కనుక్కోండి. కొనలేక మానేసే మందు కన్నా నెలనెలా కొనగలిగే మందే మీకు మంచి మందు.

5. కాంబినేషన్లలో ఒక్క తేడా తప్పక తెలుసుకోండి

ఫార్మోటెరాల్ నిమిషాల్లో పని మొదలెడుతుంది, పన్నెండు గంటలు ఉంటుంది. సాల్మెటెరాల్ కూడా అంతసేపే ఉంటుంది గానీ మొదలవడానికి పావుగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అందుకని బుడెసొనైడ్ ప్లస్ ఫార్మోటెరాల్‌ను రోజూ వాడుతూ, ఆయాసం వచ్చినప్పుడు అదే ఇంకో పఫ్ తీసుకునే పద్ధతి ఉంది. ఆయాసం వచ్చిన ప్రతిసారీ స్టెరాయిడ్ కూడా కొంచెం లోపలికి పోతుంది, అదే దీని బలం. పెద్దవాళ్లకు 200 రకం అయితే అన్నీ కలిపి రోజుకు 12 పఫ్‌లు దాటకూడదు, దాని దగ్గరికి వచ్చారంటేనే ఇంట్లో కూర్చోవలసిన పరిస్థితి కాదు. మీ డాక్టర్ ఈ పద్ధతి రాస్తేనే చేయండి.

సెరోఫ్లోతో మాత్రం ఇలా చేయకూడదు. అది పూటకి రాసిన లెక్క ప్రకారమే, ఆయాసానికి వేరే ఇన్‌హేలర్ ఉండాలి.

6. "స్టెరాయిడా? అమ్మో!"

ఈ మాట అనని ఇల్లు నాకు తెలీదు. సరే, ఆ భయాన్నీ లెక్కలోకే తెద్దాం. అటాక్ వచ్చినప్పుడు ఇచ్చే ప్రెడ్నిసొలోన్ మాత్రలు పెద్దవాళ్లకు రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులు అనుకోండి, మొత్తం 200 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్‌లో బుడెసొనైడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, మిల్లీగ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు. 200 మిల్లీగ్రాముల బరువు అవ్వాలంటే ఇన్‌హేలర్ 500 రోజులు వాడాలి. బుడెసొనైడ్ బరువుకు బరువు ప్రెడ్నిసొలోన్ కన్నా చాలా ఘాటైనది, కాబట్టి ఇది సూటి పోలిక కాదు, ఒప్పుకుంటాను. కానీ ఇన్‌హేలర్ మందులో రక్తంలోకి చేరేది కొంత భాగమే, మాత్ర అయితే దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. రోజూ పీల్చడానికి భయపడి ఏడాదికి మూడుసార్లు అటాక్ తెచ్చుకుని మాత్రలు మింగేవాళ్లు ఏ స్టెరాయిడ్‌ను తప్పించుకున్నట్టు?

ఇంకో తమాషా. ఇన్‌హేలర్ అంటే వద్దనేవాళ్లే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర "ఒక్క సూదికే హాయిగా ఉంది" అంటారు. ఆ సూదుల్లో డెక్సామెథాసోన్ ఉండటం మామూలే. పేరు చివర చూడండి, "సోన్".

నిజమైన ఇబ్బందులు ఉన్నాయి, దాచడం ఎందుకు. నోట్లో తెల్లటి పూత, గొంతు బొంగురు, ఇవి ఎక్కువ మందికి వచ్చేవి. మందు తీసుకున్నాక నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేయండి, మింగొద్దు. మర్చిపోతుంటే పళ్లు తోముకునే ముందు మందు వేసుకునే అలవాటు చేసుకోండి, మా అమ్మ ఇన్‌హేలర్ ఇప్పుడు బ్రష్‌ల గ్లాసు పక్కనే ఉంటుంది. ఎక్కువ డోసు ఏళ్ల తరబడి వాడితే ఎముకలు, కళ్లల్లో శుక్లాలు, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథి మందగించడం వంటివి చూసుకోవాలి. అందుకే తగ్గించగలిగినప్పుడు తగ్గించాలి, అలాగే ఎక్కువ డోసును ఒక్కరోజులో టక్కున ఆపేయకూడదు.

పిల్లల ఎత్తు గురించి తల్లులకు ఉండే భయం ఉత్తదేం కాదు. అమెరికా, కెనడాల్లో పిల్లలకు నాలుగు నుంచి ఆరేళ్లు బుడెసొనైడ్ రోజుకు 400 ఇచ్చి, వాళ్లు పెద్దయ్యాక కొలిచిన పరిశోధన ఒకటి 2012లో వచ్చింది. సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఉన్నారు. ఒక బొటనవేలి మందం కన్నా తక్కువే. రాత్రంతా దగ్గుతూ, ఆటకు దూరంగా గోడకానుకుని కూర్చునే పిల్లవాడిని చూసినవాళ్లకు ఆ తూకం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పక్కర్లేదు. అయినా అందుకే పిల్లలకు సరిపోయేంత తక్కువ డోసు, ఆరు నెలలకోసారి ఎత్తు కొలత.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి మా నాన్న నన్ను వరుసగా మూడేళ్లు తీసుకెళ్లాడు. జూన్ జనంలో ఆయన భుజాల మీద కూర్చున్నది ఇప్పటికీ గుర్తే. ఎవరి నమ్మకం వాళ్లది, వెళ్లేవాళ్లు వెళ్లండి. ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వెళ్లండి, వచ్చాక ఆ రాత్రి పఫ్ మానకండి.

7. నాలుగు వారాలకు మిమ్మల్ని మీరే అడగాల్సినవి

స్టెరాయిడ్ మొదలెట్టిన రోజే తేడా తెలియదు. కొన్ని రోజుల్లో మొదలై, పూర్తి ఫలితానికి వారాలు పడుతుంది. ఐదో రోజు "ఇది నాకు పడలేదు" అని మార్చేయకండి. నాలుగు వారాల తర్వాత చూసుకోండి: పగలు ఆయాసం వారానికి రెండుసార్లకు మించి వచ్చిందా? రాత్రి ఒక్కసారైనా ఆయాసంతో లేచారా? ఆస్థాలిన్ లాంటిది వారానికి రెండుసార్లకు మించి వాడారా? మెట్లెక్కడం, పిల్లల వెంట పరిగెత్తడం లాంటివి దీనివల్ల మానుకున్నారా? నాలుగింటికీ లేదు అంటే అదుపులో ఉన్నట్టు. ఒకటి రెండు అవును అంటే అంతంత మాత్రం, మూడు నాలుగు అయితే అదుపు తప్పినట్టే.

అదుపులో లేదని డోసు పెంచమనేముందు రెండు చూడండి: పీల్చడం సరిగ్గా ఉందా, పూట తప్పకుండా వాడారా. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగడం, వయ్యారిభామ మొక్కలు, దుమ్ము పట్టిన పరుపు, భోగి మంట ముందు గంటసేపు నిలబడటం, వీటినీ డాక్టర్‌కి చెప్పండి. మూడు నెలలు నిలకడగా బాగుంటే "కొంచెం తగ్గించవచ్చా?" అని మీరే అడగండి. తగ్గించేది మెల్లగా, పావు వంతో సగమో, డాక్టర్ చెప్పినట్టు. మనంతట మనం సంక్రాంతికి ముందు తగ్గించే సాహసం మాత్రం వద్దు.

ఒక మాట పూర్తి చేయలేక మధ్యలో ఆగుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, ఆయాసానికి వేసుకునే ఇన్‌హేలర్ వేసినా తగ్గకున్నా ఈ పోలికలన్నీ పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి. అది వచ్చేలోగా స్పేసర్‌తో ఆస్థాలిన్ ఒక్కో పఫ్ చొప్పున నాలుగు నుంచి పది దాకా, తగ్గకపోతే ఇరవై నిమిషాలకు మళ్లీ.

చివరికి కాగితం మీద మిగలాల్సినవి ఇవి: మందు పేరు, బ్రాండ్ కాదు. ఒక పఫ్‌కు ఎంత, రోజుకెన్ని, మొత్తం ఎంత, ఏ మెట్టు. స్ప్రేనా పొడినా. ఆయాసం వస్తే ఏది, ఎన్ని. దాన్ని ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. మొన్న అదే షాపులో కుర్రాడు "అది లేదన్నా, ఇది..." అని మొదలుపెట్టగానే ఫోన్ తీసి చూపించాను. కాసేపు చూసి "రేపు మధ్యాహ్నానికి తెప్పిస్తాలే" అన్నాడు. అమ్మది ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది, గ్యాస్ బుకింగ్ నంబరు పక్కన, కింద ఎర్ర స్కెచ్‌తో ఆవిడే రాసుకుంది: "మింగరాదు".